టౌన్ హాల్ అంటే ఏమిటి? పురమందిరం నుంచి బల్దియా దాకా

టౌన్ హాల్ అనే మాట వినని కుటుంబం ఉండదు. కొన్ని ఊళ్లలో అదొక బస్ స్టాప్ పేరు, కొన్నిచోట్ల పెళ్లిళ్లకు, ఎగ్జిబిషన్లకు అద్దెకిచ్చే పాత భవనం. ఐటీ కంపెనీలో పనిచేసే పిల్లల్ని అడిగితే వేరే అర్థం చెబుతారు. వాళ్లకు టౌన్ హాల్ అంటే పెద్ద బాసు ఉద్యోగులందరినీ కూర్చోబెట్టి మాట్లాడే మీటింగ్. అమెరికాలో ఎన్నికలప్పుడు అభ్యర్థి జనం మధ్య నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పే సభనూ అదే పేరుతో పిలుస్తారు.

ఒకే మాటకు ఇన్ని అర్థాలు రావడానికి కారణం, ఆ భవనం మొదట్లో మూడు పనులూ చేసేది. ఊరి పాలన జరిగే ఆఫీసు అదే. ఊరివాళ్లు కూడి మాట్లాడుకునే సభాస్థలం అదే. పుట్టుక, పెళ్లి, చావు లాంటి సంగతులు రాసిపెట్టే చోటు కూడా అదే. ఇంగ్లండులో లీడ్స్ టౌన్ హాల్ 1858లో, మాంచెస్టర్ టౌన్ హాల్ 1877లో తెరుచుకున్నాయి. మిల్లులతో డబ్బు చూసిన ఆ ఊళ్లు, మా ఊరికి ఎవరి దయా అక్కర్లేదు, మా పాలన మేమే చేసుకుంటాం అని చాటుకోవడానికి రాజభవనాల లాంటి టౌన్ హాళ్లు కట్టుకున్నాయి.

తెలుగులో దీన్ని పురమందిరం అన్నారు. మందిరం అనగానే గుడి అనుకోనక్కర్లేదు. ఆ మాటకు ఇల్లు, భవనం అనే అర్థం ఉంది. గ్రంథమందిరం అంటే పుస్తకాల ఇల్లు అయినట్టే, పురమందిరం అంటే ఊరి ఇల్లు. హైదరాబాదులో మాత్రం ఈ మాట కంటే బల్దియా అనే మాటే నాలుకల మీద నిలిచింది. అరబీలో బలద్ అంటే ఊరు, పట్టణం. దాన్నుంచి వచ్చిన బల్దియా అంటే ఊరి పాలన చూసే సంస్థ, మున్సిపాలిటీ. ఈరోజుకీ తెలుగు పేపర్లలో ‘బల్దియా ఎన్నికలు’ అనే హెడ్డింగులు వస్తూనే ఉంటాయి. ఉర్దూ నుంచి వచ్చిందన్న స్పృహ కూడా లేకుండా తెలుగువాళ్లు వాడేసుకుంటున్న మాటల్లో ఇదొకటి.

మన దేశానికి టౌన్ హాళ్లు ఇంగ్లిషువాళ్లతో వచ్చాయి. కలకత్తా టౌన్ హాల్ 1813లో పూర్తయింది. దానికి డబ్బు లాటరీలు వేసి పోగుచేశారు. బొంబాయిలో 1833లో కట్టినదాంట్లో ఇప్పుడు ఏషియాటిక్ సొసైటీ లైబ్రరీ ఉంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని టౌన్ హాల్ 1860ల నాటిది. నూట నలభై ఏళ్లకు పైగా అక్కడి మున్సిపాలిటీ అందులోంచే నడిచింది. వీటిని కట్టించినవాళ్లు మొదట అనుకున్నది గవర్నర్ల విందులు, దొరల విగ్రహాలు, డాన్సులు. కానీ హాలంటూ ఒకటి ఉన్నాక అందులోకి ఎవరి మాట వస్తుందో కట్టినవాళ్ల చేతుల్లో ఉండదు. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా 1905 ఆగస్టు 7న విదేశీ వస్తువుల బహిష్కార తీర్మానం చేసింది ఆ కలకత్తా టౌన్ హాల్లోనే. స్వదేశీ ఉద్యమం అక్కణ్ణుంచి ఊపందుకుంది.

ఆంధ్ర ప్రాంతంలో టౌన్ హాల్ కథ మరోలా నడిచింది. అక్కడ చాలావరకు సంఘ సంస్కర్తలు, జమీందార్లు, ఊరి పెద్దలు పూనుకుని కట్టించారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు 1890లో టౌన్ హాల్ కట్టించారు. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, 1881లో, ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్లో ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. కొత్త మాట చెప్పాలంటే ముందు నిలబడి చెప్పడానికి ఒక కప్పు ఉండాలని ఆయనకు బాగా తెలుసు. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరున ఉన్న టౌన్ హాల్‌ను జనం ఇప్పటికీ పురమందిరమనే పిలుస్తారు. విశాఖపట్నం పాతబస్తీలో సముద్రం దగ్గర రాతితో కట్టిన టౌన్ హాల్ ఉంది. ఇలాంటి హాళ్లలో పొద్దున సన్మాన సభ, సాయంత్రం ఉపన్యాసం, రాత్రి పద్యనాటకం జరిగేవి. ఉర్దూ మాట్లాడేవాళ్లు ఎక్కువున్న ఊళ్లలో ముషాయిరాకూ అదే వేదిక.

అయితే ఆ తలుపులు అందరికీ సమానంగా తెరుచుకున్నాయని అనుకుంటే పొరపాటు. మున్సిపాలిటీల్లో ఎన్నికైన సభ్యులు ఉండాలని లార్డ్ రిప్పన్ 1882లో తీర్మానం తెచ్చినా, ఓటు పన్ను కట్టే మగవాళ్లకే దక్కింది. రిక్షా లాగేవాడికి, బీడీలు చుట్టే ఆడమనిషికి ఆ హాలు బయటినుంచి చూసే భవనమే. హాలు చాలనప్పుడో, దొరకనప్పుడో జనం మైదానాలకు వెళ్లారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాక, ఆయన మాట్లాడిన చోటికి పాల్ చౌక్ అనే పేరే వచ్చింది.

ఇక హైదరాబాదు. ఇక్కడి టౌన్ హాల్‌ను చూడనివాళ్లు తెలుగునాట చాలా తక్కువ, కాకపోతే అది టౌన్ హాల్ అని తెలిసినవాళ్లు కూడా తక్కువే. నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్ పక్కన, తెల్లటి గుమ్మటాలతో కనిపించే పాత అసెంబ్లీ భవనమే ఆ టౌన్ హాల్. పబ్లిక్ గార్డెన్స్‌ను పాతబస్తీవాళ్లు ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అంటారు. అంటే అందరి తోట. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు వేడుకలు ఆ తోటలో జరిగాయి. దాని గుర్తుగా 1905లో పునాదిరాయి వేశారు. ఖర్చుకు నగర ప్రజలు చందాలిచ్చారు. భవనం పూర్తయింది 1913లో. మహబూబ్ అలీ పాషా అప్పటికి రెండేళ్ల ముందే, 1911లో, కన్నుమూశారు. ఎవరి పుట్టినరోజు కానుకగా మొదలుపెట్టారో ఆయన దాన్ని పూర్తయ్యాక చూడనే లేదు. రాజస్థానీ, ఇస్లామీ శైలులు కలిపి కట్టిన ఆ భవనానికి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి తెప్పించారు. అదే ఆవరణలో జూబ్లీ హాల్ ఉంది. ఏడో నిజాం రజతోత్సవ వేడుకలు 1937లో జరిగింది అందులోనే. దగ్గర్లోనే షాహీ మసీదు.

భవనం అందంగానే ఉంది. మరి అందులో ఊరి మాట వినబడిందా? ఆ రోజుల్లో హైదరాబాదు సంస్థానంలో సభ పెట్టుకోవాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. గస్తీ నిషాన్ 53 పేరుతో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ముందే దరఖాస్తు పెట్టాలి, ఏం మాట్లాడతారో చెప్పాలి. లైబ్రరీ వార్షికోత్సవానికి కూడా అనుమతి కోసం తిరిగినవాళ్లున్నారు. టౌన్ హాల్ కట్టడానికి చందాలిచ్చిన ప్రజలకు, టౌన్ హాల్ అసలు పని అయిన సభ జరుపుకునే హక్కు మాత్రం పూర్తిగా లేదు.

ఈ సందర్భంలో ఒక సంఘటన చెప్పుకోవాలి. అది టౌన్ హాల్లో జరగలేదు, వివేకవర్ధినీ థియేటర్లో జరిగింది. 1921 నవంబరులో అక్కడ సంఘ సంస్కార సభ ఏర్పాటైంది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఉపన్యాసాలు ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీల్లో సాగుతున్నాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు చప్పట్లు కొట్టి, ఎగతాళి చేసి ఆయన్ను కూర్చోబెట్టారు. సంస్థానంలో సగం మంది మాట్లాడే భాషకు సభలో దక్కిన మర్యాద అది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన దాని మొదటి మహాసభ జరిగింది.

ఆ సంఘానికి ప్రాణంగా నిలిచిన మాడపాటి హనుమంతరావు గారి గురించి పాఠ్యపుస్తకాల్లో రాసేది సగమే. ఆయన తెలుగు కోసం పోరాడినవారే, కానీ ఉర్దూ మీద పగ పెంచుకున్నవారు కాదు. ‘ముషీర్-ఎ-దక్కన్’ అనే ఉర్దూ దినపత్రికకు వ్యాసాలు రాసేవారు. సర్కారుకు అర్థమయ్యే భాషలోనే తెలుగువాళ్ల కష్టం చెప్పేవారు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలిశాక, 1951లో ఆయనే హైదరాబాదు నగరానికి మొదటి మేయరు అయ్యారు. తెలుగు మాటకు చోటు కావాలని బయలుదేరిన మనిషి, ఉర్దూ పేరున్న బల్దియాకు పెద్ద అయ్యారన్నమాట. ఉర్దూ, తెలుగు రెండూ ఇంట్లో వినబడే కుటుంబాలు పిల్లలకు చెప్పుకోదగ్గ కథ ఇది.

ఆ బల్దియా కూడా కొత్తది కాదు. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1869లో, హైదరాబాదుకూ చాదర్‌ఘాట్‌కూ మున్సిపల్ ఏర్పాటు మొదలైంది. 1933లో రెంటినీ కలిపి కార్పొరేషన్ చేశారు, మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు చేర్చి గ్రేటర్ చేశారు.

టౌన్ హాల్ తలరాత మారింది 1952లో. మొదటి సాధారణ ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా హైదరాబాదు రాష్ట్ర శాసనసభ అందులో కొలువుదీరింది. పన్ను కట్టినా కట్టకపోయినా, మగా ఆడా తేడా లేకుండా, 21 ఏళ్లు నిండిన ప్రతివాళ్లూ ఓటేసి పంపినవాళ్లు అక్కడ కూర్చున్నారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం అన్నీ ఒకే కప్పు కింద వినబడ్డాయి. షాలిబండ నుంచి గెలిచిన మాసూమా బేగం సాహెబా ఆ సభలో సభ్యురాలు, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు. హుజూర్‌నగర్ జనం కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను ఆ సభకు పంపారు. పాతబస్తీ మహిళ, రైతుల ఊరు ఎన్నుకున్న ఉర్దూ కవి, ఇద్దరూ ఒకే హాల్లో కూర్చోవడం ఇరవై ఏళ్ల ముందు ఊహకందని విషయం. 1956లో అదే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అయింది. 1985లో పక్కనే కొత్త భవనం లేచింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల సభలూ కొంతకాలం ఆ ఆవరణలోనే నడిచి, 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి తరలింది.

టౌన్ హాల్ లోపలి కంటే దాని మెట్లకు పేరొచ్చిన ఊరు బెంగళూరు. లక్షల మంది తెలుగువాళ్లున్న ఆ నగరంలో 1935లో కట్టిన పుట్టణ్ణ చెట్టి టౌన్ హాల్ మెట్ల మీద దశాబ్దాల పాటు కార్మికులు, రైతులు, విద్యార్థులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. పౌరసత్వ సవరణ చట్టంపై నిరసన జరిగిన 2019 డిసెంబరు 19న చరిత్రకారుడు రామచంద్ర గుహను పోలీసులు తీసుకెళ్లింది అక్కణ్ణుంచే. తర్వాత నిరసనలన్నీ ఫ్రీడమ్ పార్కులోనే జరుపుకోవాలన్న నిబంధన వచ్చింది. ట్రాఫిక్ ఇబ్బంది అనే కారణం అబద్ధమేమీ కాదు. కానీ బస్సులో పోయేవాళ్ల కంటబడే మెట్ల మీద చెప్పే మాటకూ, నాలుగు గోడల మధ్య పార్కులో చెప్పే మాటకూ తేడా ఉంది.

ఇప్పుడు మన ఊళ్లలో టౌన్ హాల్ చేసే మూడు పనులూ మూడు చోట్లకు చెదిరిపోయాయి. సభలు ఫంక్షన్ హాళ్లకు వెళ్లాయి, అద్దె కట్టగలిగినవాళ్లవే సభలు. పాలన మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఊరివాళ్లు నోరు విప్పే చోటు మాత్రం కాగితం మీద వార్డు కమిటీగా మిగిలింది.

కాగితం మీద అని తీసిపారేయడానికి కూడా లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెబుతోంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారమైతే ప్రతి వార్డులో నాలుగు కమిటీలుండాలి. యువతకొకటి, మహిళలకొకటి, పెద్దవయసువారికొకటి, ఊళ్లో పేరున్నవారికొకటి, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే ఒక్క వార్డులో 60 మందికి మాట్లాడే చోటుంది. ఆ 60 మందిలో మన గల్లీ నుంచి ఎవరున్నారని అడిగితే చాలా ఇళ్లలో జవాబు రాదు. మసీదు కమిటీ ఎన్నికకు కదిలినంత మంది దీనికి కదలరు. కౌన్సిలరుకు తెలిసినవాళ్ల పేర్లతో జాబితా నిండిపోతుంది.

మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ పనులంటూ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో 18 విషయాలు ఉన్నాయి. నీళ్లు, రోడ్లు, చెత్త సరే. అందులో శ్మశానాలు, కబరస్తాన్‌లు ఉన్నాయి. కబేళాల నియంత్రణ ఉంది. జనన మరణాల నమోదు ఉంది. కబరస్తాన్ భూమి వక్ఫ్‌ది కావచ్చు, కానీ దాని దారిలో వీధిదీపం, వానాకాలంలో లోపలికి నీళ్లు రాకుండా కాలువ, గోడ పక్కన పడేసే చెత్త ఇవన్నీ బల్దియా పనులు. బక్రీద్ రోజు వ్యర్థాలు ఎత్తడమూ అంతే. ఇవి ఎవరో చేసే మేలు కాదు, వార్డు కమిటీలో ముందే అడిగి రాయించుకోవాల్సిన పనులు.

అన్నిటికంటే ఇంటికి దగ్గరి సంగతి జనన నమోదు. 1969 నాటి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు ఉచితంగా నమోదవుతుంది. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్లే పంపుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆసుపత్రి కాగితం మీద తల్లిదండ్రుల పేర్లుంటాయి, బిడ్డ పేరు ఖాళీ. మన ఇళ్లలో ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెడతారు, దావత్ అవుతుంది, ఆ పేరు మున్సిపల్ రిజిస్టరులో ఎక్కించడం మాత్రం మరిచిపోతారు. మొదటి 12 నెలల్లో ఏ రుసుమూ లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. పుట్టుకే నమోదు కాకుండా ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. బడిలో చేర్చడానికి, ఆధార్‌కు, ఓటర్ల జాబితాకు, పాస్‌పోర్టుకు, పెళ్లి నమోదుకు పుట్టిన తేదీ, చోటు రుజువు చేసే కాగితం జనన ధ్రువపత్రమే అని చట్టం సవరించారు. పేరు అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. తండ్రి ఆధార్‌లో మొహమ్మద్, బిడ్డ కాగితంలో ఎండీ, ఒకచోట షేక్, మరోచోట ఎస్‌కే అని పడితే ఇద్దరూ వేరే మనుషులన్నట్టు కౌంటరు దగ్గర అడుగుతారు. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడే తల్లిదండ్రుల ఆధార్ చూసి అవే అక్షరాలు రాయించుకుంటే, పదిహేనేళ్ల తర్వాత అఫిడవిట్ల కోసం తిరిగే పని తప్పుతుంది. సంపాదన మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎప్పుడూ రోజుకూలీవాళ్లే.

విదేశాల్లో టౌన్ హాల్ ఈ నమోదు పనిని ఇంకా గట్టిగా చేస్తోంది. అమెరికాలో చాలా సిటీ కౌన్సిళ్లలో ఊళ్లో ఉండే ఎవరైనా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊళ్లలో మార్చి మొదటి మంగళవారం ఊరంతా కూడి బడ్జెట్ మీద ఓటేస్తుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు పిల్లల బడి సంగతులకైనా ఆ మూడు నిమిషాలు వాడుకుంటే మంచిదే.

బ్రిటన్ వెళ్లే కుటుంబాలు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లండు, వేల్స్‌లో ఇంట్లోనో హాల్లోనో చదివించిన నికాహ్ ఒక్కటే జరిగితే అది చట్టం దృష్టిలో పెళ్లి కాదు. చట్టప్రకారం నమోదైన మసీదులో నిబంధనలు పాటించి జరిగితే చెల్లుతుంది, కానీ చాలా మసీదులు పెళ్లిళ్లకు నమోదు కాలేదు. మిగతావాళ్లు రిజిస్ట్రీ ఆఫీసులో సివిల్ మ్యారేజి కూడా చేసుకోవాలి. చాలా ఊళ్లలో ఆ ఆఫీసు టౌన్ హాల్లోనే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో అక్కడి కోర్ట్ ఆఫ్ అపీల్ కూడా ఇదే తేల్చింది. ఇరవై ఏళ్లు కాపురం చేసి నలుగురు పిల్లలున్నా, నికాహ్ మాత్రమే అయిన భార్యకు విడాకుల చట్టం కింద ఇంట్లో వాటా, భరణం అడిగే దారి ఉండదు. ఇండియాలో ఇక్కడి చట్టం ప్రకారం నికాహ్ అయి, ఖాజీ సాహెబ్ రాసిన కాగితంతో వెళ్లినవారి సంగతి వేరు. సంబంధం కుదిరి పెళ్లి అక్కడే చేయాలనుకుంటే, వలీమా హాలు బుక్ చేసే ముందే టౌన్ హాల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసుకూ పెళ్లికీ మధ్య కనీసం 28 రోజుల గడువు ఉంటుంది.